విండోస్ మళ్లీ వేశాక వైఫై కనిపించకపోతే

విండోస్ కొత్తగా వేశాక వైఫై గుర్తే లేకపోతే టెన్షన్ పడకండి. చాలాసార్లు వైఫై కార్డు బాగానే ఉంటుంది, దాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, లేకపోవడమే అసలు కారణం. డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. అందరూ ఇరుక్కునేది ఇక్కడే.

ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇచ్చే ఆప్షన్) ఆన్ చేయండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ఆ ఆప్షన్ రాదు, కేబుల్ మార్చి చూడండి. నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్ నడిపితే చాలావరకు డ్రైవర్ దానంతట అదే పడుతుంది.

అప్పటికీ రాకపోతే విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న నెట్‌వర్క్ కంట్రోలర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అందులో తయారీ కంపెనీని చెప్పే ‘వెన్’ (VEN) పక్కన 8086 ఉంటే ఇంటెల్ కార్డు, 10ఈసీ (10EC) అయితే రియల్‌టెక్, 14సీ3 (14C3) అయితే మీడియాటెక్. ఊరూ పేరూ లేని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి పోకండి. ల్యాప్‌టాప్ మోడల్ నంబర్‌తో దాని కంపెనీ సైట్‌లోనే ఆ కార్డు డ్రైవర్ కోసం వెతకండి.

అన్నట్టు, వైఫై గుర్తు ఉండి నెట్‌వర్క్‌లు కనిపించకపోతే ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. పని అయ్యాక ఆ డ్రైవర్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.