సరిహద్దు తాలూకాల్లో సోయా, పత్తి విత్తనం ఎలా కొనాలి?

మహారాష్ట్రలోని కిన్వట్, ధర్మాబాద్, రాజురా, పాండర్‌కవడ వైపు తెలుగు రైతులకు రెండు బజార్లు దగ్గర. ఇటు తాలూకా ఊళ్లోని కృషి సేవా కేంద్రాలు, అటు తెలంగాణలోని ఆదిలాబాద్, నిజామాబాద్ దుకాణాలు. సంచికి యాభై, వంద తక్కువని హద్దు దాటే ముందు ఒక్క సంగతి ఆలోచించండి. ఆ విత్తనం మొలవకపోతే ఎవరిని అడుగుతారు? తెలంగాణ దుకాణానికి లైసెన్సు ఇచ్చేది అక్కడి వ్యవసాయ శాఖ. మన తాలూకా కృషి అధికారి ఆ దుకాణంలోకి వెళ్లి నమూనా తీయలేడు. అందుకే సోయా మాత్రం మన వైపే కొనడం మేలు. మొలక విషయంలో ఎక్కువగా దెబ్బతీసే విత్తనం అదే.

1. మే 20 కల్లా విత్తనం ఇంట్లో ఉండాలి

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. మొలక పరీక్షకు వారం, తేడా వస్తే సంచి మార్చుకోవడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. తొలి వాన పడ్డాక దుకాణానికి పరుగెత్తితే ఉన్నది తెచ్చుకోవడమే తప్ప ఎంచుకునే వీలుండదు.

2. చీటీ చదవండి

నీలం చీటీ ఉంటే ధ్రువీకరించిన విత్తనం, తెలుపైతే ఫౌండేషన్ విత్తనం, అంటే ధ్రువీకరించిన విత్తనం తయారుచేసే మూల విత్తనం. ఆకుపచ్చ చీటీ ఉంటే కంపెనీ తన మాట మీద అమ్ముతున్న విత్తనం. పత్తి హైబ్రిడ్లు ఎక్కువగా ఆకుపచ్చ చీటీతోనే వస్తాయి కాబట్టి నీలం లేదని అనుమానపడక్కర్లేదు. లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ మాత్రం ఏ సంచి మీదైనా ఉండాలి. పరీక్ష తేదీ నుంచి గడువు 9 నెలలు. సోయాకు కనీస మొలక 70 శాతం.

పత్తి బీజీ-2 (పురుగును తట్టుకునే బీటీ పత్తి) పాకెట్ 475 గ్రాములు. అందులో బీటీ కాని విత్తనం కొంత కలిపే ఉంటుంది, అది కల్తీ కాదు. 2025 వానాకాలానికి కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర రూ.901 ఉండేది. పేరున్న రకమని ఆ ఏటి గరిష్ఠ ధరకు మించి అడిగితే ఇవ్వకండి.

గడ్డిమందు కొట్టినా చావదని చెప్పి బండి మీద తెచ్చి అమ్మే పత్తి విత్తనం జోలికి అసలు పోవద్దు. దానికి అనుమతి లేదు, బిల్లు ఉండదు, లోపల ఏముందో అమ్మేవాడికే తెలియదు. పైగా దాని మీద కొట్టే గ్లైఫోసేట్ గడ్డిమందు తుంపర గాలికి పక్క చేనులో పడితే వాళ్ల పత్తి, సోయా మాడిపోతాయి.

3. పక్కీ పావతి (అసలు బిల్లు) తీసుకోండి

కాగితం ముక్క మీద రాసిచ్చే లెక్క పనికిరాదు. బిల్లులో మీ పేరు, రకం, లాట్ నంబరు, గడువు తేదీ, ధర, దుకాణం లైసెన్సు నంబరు ఉండాలి. దుకాణంలోనే సంచి మీది లాట్ నంబరునూ బిల్లులోని దానినీ పోల్చి చూసుకోండి. తేడా ఉంటే తర్వాత ఆ బిల్లు నిలవదు.

సోయా సంచిని బండి మీంచి పడేయకండి, ఆరేడు సంచులకు మించి ఒకదాని మీద ఒకటి పేర్చకండి. దాని పైపొర చాలా పల్చన. దెబ్బ తగిలిన గింజ పైకి బాగానే కనిపిస్తుంది, నేలలో కుళ్లిపోతుంది.

4. మొలక మీరే లెక్కపెట్టండి

సోయా సంచి కింది కుట్టు పక్కన కొంచెం విప్పి గింజలు తీయండి. చీటీ, పైకుట్టు చెదరకూడదు. ఏరకుండా చేతికొచ్చిన 100 గింజలు లెక్కించి, తడిపి పిండిన గోనెపట్టా మీద పదేసి చొప్పున పది వరుసలు పేర్చండి. పైన ఇంకో తడి పట్టా కప్పి వదులుగా చుట్టి నీడలో పెట్టండి. రోజూ నీళ్లు చిలకరించాలి, కారేంత పోయకూడదు. నీళ్లు ఎక్కువై గింజ కుళ్లితే తప్పు విత్తనం మీదికి పోతుంది. ఇలా కనీసం మూడు పట్టాలు చేసి సగటు తీయండి.

ఆరేడు రోజులకు విప్పి, వేరూ మొలకా రెండూ బాగున్నవే లెక్కపెట్టండి. వంకర తిరిగినవి, వేరు తెగినవి, బూజు పట్టినవి లెక్కలోకి రావు. 70 వస్తే ఎకరాకు 30 కిలోలు. తక్కువైతే 30ని 70తో గుణించి మీకొచ్చిన శాతంతో భాగించండి: 65కి 32 కిలోలు దాటుతుంది, 60కి 35 కిలోలు. కానీ కొన్న సంచిలో 70 రాలేదంటే ముందు దుకాణానికే తీసుకెళ్లండి. 60 కన్నా తగ్గితే విత్తవద్దు.

ఇంట్లో దాచిన సోయాకూ ఇదే పరీక్ష. మంచి విత్తనంతో మొదలుపెడితే మూడేళ్ల దాకా సొంత గింజే వాడుకోవచ్చు. పత్తి హైబ్రిడ్‌కు ఆ వీలు లేదు.

5. ఎరువు: డీఏపీ దొరకకపోతే

సోయాకు ఎకరాకు 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 12 కిలోల పొటాష్ కావాలి. డీఏపీ కోసం లైన్లో నిలబడే బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 3 సంచులు (150 కిలోలు), యూరియా 26 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 20 కిలోలు తీసుకోండి. సూపర్‌లో ఉన్న గంధకం నూనె గింజకు అదనపు లాభం. యూరియా 45 కిలోల సంచి రూ.266.50. దానితోపాటు ఇంకేదో కొనాలని దుకాణదారు పట్టుబడితే అది నియమాలకు విరుద్ధం.

6. మందు కొట్టే పంపు

గడ్డిమందుకు ఒకటి, పురుగుమందుకు ఒకటి వేరువేరుగా ఉంచండి. 2,4-డి అనే గడ్డిమందు అంటిన పంపుతో పత్తి మీద కొడితే ఎంత కడిగినా ఆకు ముడుచుకునే ప్రమాదం ఉంది. చేతి తొడుగులు, మాస్కు కూడా పంపుతోపాటే కొనండి. 2017లో యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ విషం ఎక్కి ఇరవై మందికి పైగా చనిపోయారు.

7. మొలవకపోతే

75 నుంచి 100 మిల్లీమీటర్ల వాన పడ్డాకే, 3–4 సెంటీమీటర్ల లోతులో విత్తండి. లోతు ఎక్కువైతే మంచి గింజ కూడా పైకి రాదు, విచారణకు వచ్చినవాళ్లు మొదట చూసేదీ అదే. ఎనిమిది, పది రోజులకు చేను పలచగా ఉంటే వెంటనే తాలూకా కృషి అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు, చీటీ, సాత్‌బారా (7/12 భూమి పత్రం) నకళ్లు జోడించి, మీ దగ్గర ఒక ప్రతి మీద ముద్ర వేయించుకోండి. పంచనామా (అధికారులు చేను చూసి రాసుకోవడం) అయ్యేదాకా చేను చెడగొట్టవద్దు. తిరిగి విత్తక తప్పకపోతే ఒక మూల పది సాళ్లయినా అలాగే వదలండి. సంచి, చీటీ, అడుగున మిగిల్చిన పావు కిలో గింజలు పంట ఇంటికొచ్చేదాకా దాచాలి.

కృషి అధికారి దగ్గర పరిహారం తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. విత్తనం కొన్న రైతుకు ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కాబట్టి ఆదిలాబాద్‌లో కొన్న సంచికైనా నాందేడ్‌లోనో చంద్రపూర్‌లోనో అడగొచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు.