కణత్వచ రిసెప్టర్లను గుర్తించడం, 3వ పాఠం: యాంటీబాడీ ఏ వైపు పట్టుకుంటుంది?

మోనోక్లోనల్, పాలీక్లోనల్ యాంటీబాడీల తేడాను గత పాఠంలో చూశాం. వరంగల్, కరీంనగర్ కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవారికి ఒక్క యాంటీబాడీ గొట్టం కొనడమే భారం కనుక, ఆర్డరు పెట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ యాంటీబాడీ రిసెప్టర్‌లో (కణం పొరలో ఉండి బయటి సంకేతాలను అందుకునే ప్రోటీన్‌లో) కణం వెలుపలి భాగాన్ని పట్టుకుంటుందా, లోపలి భాగాన్నా?

పెరుగుదల సంకేతాన్ని అందుకునే రిసెప్టరైన మానవ ఈజీఎఫ్‌ఆర్‌నే తీసుకుందాం. ప్రోటీన్ల వివరాల ఆన్‌లైన్ భాండారమైన యూనిప్రాట్‌లో పి00533 సంఖ్యతో వెతికితే 1210 అమైనో ఆమ్లాల వరుస కనిపిస్తుంది. అందులో మొదటి 24 సంకేత ఖండం, అది తెగిపోతుంది. 25 నుంచి 645 వరకు కణం వెలుపల, 646 నుంచి 668 వరకు పొరలో, 669 నుంచి 1210 వరకు కణం లోపల ఉంటాయి. ఇప్పుడు యాంటీబాడీ డేటాషీట్‌లో ఇమ్యునోజెన్ (యాంటీబాడీని పుట్టించడానికి వాడిన ప్రోటీన్ ముక్క) అన్న వరుస చదవండి. అక్కడ 1100 దాటిన సంఖ్యలు గానీ, సి-టెర్మినల్ (ప్రోటీన్ వరుస చివరి కొస) అన్న మాట గానీ ఉంటే అది లోపలి వైపుది. బతికి ఉన్న కణం పొరను యాంటీబాడీ దాటలేదు కాబట్టి, అలాంటిదాన్ని నేరుగా ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపి వాటి వెలుగును కొలిచే పద్ధతికి) వాడితే రిసెప్టర్ నిండుగా ఉన్న కణాలు కూడా ఖాళీగా కనిపిస్తాయి.

పారాఫార్మాల్డిహైడ్‌తో కణాలను స్థిరపరచి, ట్రైటాన్ ఎక్స్-100తో పొరకు రంధ్రాలు చేస్తే అదే యాంటీబాడీ పనికొస్తుంది. అయితే ఉపరితలం మీదున్న రిసెప్టర్‌తో పాటు కణం లోపలి సంచుల్లాంటి ఎండోసోముల్లో ఉన్నది కూడా అప్పుడు వెలుగుతుంది. మీ ప్రశ్న ఉపరితలం మీద ఎంత ఉందన్నదే అయితే, ఆ కొలత ఎంత అందంగా వచ్చినా జవాబు కాదు.

వెలుపలి ఎపిటోప్‌ను (యాంటీబాడీ పట్టుకునే చోటును) ఎంచుకున్నా, ప్రోటీన్లను కోసే ఎంజైమైన ట్రిప్సిన్‌తో జాగ్రత్త. పాత్ర నుంచి కణాలను విడదీసేటప్పుడు అది ఆ భాగాన్నే కొరికేయవచ్చు. వీలైతే, ప్రోటీన్‌ను కోయకుండా కాల్షియాన్ని పట్టేసి కణాలను విడదీసే ఈడీటీఏ వాడండి. యాంటీబాడీ అంటుకున్నాక రిసెప్టర్ లోపలికి జారిపోకుండా కణాలను మంచు మీదే ఉంచాలి. గది ఉష్ణోగ్రత వద్ద అని ఇతర దశలకు రాసిన చోట 20 నుంచి 25 డిగ్రీలని అర్థం చేసుకోవాలి. మే నెలలో ఏసీ లేని హన్మకొండ గదికి ఆ మాట వర్తించదు.

ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ సంగతి వేరు. అందులో వాడే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ప్రోటీన్‌ను విప్పేస్తుంది కనుక లోపల, వెలుపల అన్న భేదం అక్కడ ఉండదు. కానీ మడతపడిన ఆకృతినే గుర్తించే యాంటీబాడీ, సజీవ కణాల మీద ఎంత బాగా పనిచేసినా, ఇక్కడ విఫలం కావచ్చు. ఈజీఎఫ్‌ఆర్ బరువు వరుసను బట్టి సుమారు 134 కిలోడాల్టన్లయినా, చక్కెర గొలుసుల వల్ల బ్యాండ్ 170 దరిదాపుల్లో కనిపిస్తుంది, కంగారుపడనక్కరలేదు. పొరను ఏడుసార్లు దాటే రిసెప్టర్ల నమూనాలను మాత్రం 95 డిగ్రీల వద్ద మరిగించవద్దు. అవి ముద్దకట్టి జెల్ బావిలోనే ఆగిపోతాయి. 37 డిగ్రీల వద్ద అరగంట వెచ్చబెట్టి చూడండి.

ఏ పద్ధతికైనా ఈజీఎఫ్‌ఆర్ దండిగా ఉండే ఏ431 కణాలను, అది లేని సీహెచ్‌ఓ కణాలను పక్కపక్కన నడపాలి. రెండింటిలోనూ సంకేతం వస్తే ఆ యాంటీబాడీని నమ్మకండి, డేటాషీట్‌లోని బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

అభ్యాసం: యూనిప్రాట్‌లో పి11836, అంటే బి-కణాల పొర మీద ఉండే సీడీ20 ప్రోటీన్, తెరవండి. దాని రెండు కొసలూ ఏ వైపున్నాయో, వెలుపలికి వచ్చే పెద్ద వలయం ఏ సంఖ్యల మధ్య ఉందో రాసుకోండి. సి-టెర్మినల్ మీద తయారైన యాంటీబాడీతో సజీవ బి-కణాలను లెక్కించవచ్చా? జవాబును కారణంతో సహా రాసి ఉంచుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.