కాల్చిన మాంసం వడ్డించేలోగా పాడవకుండా: సమస్యలు - పరిష్కారాలు

గంటల తరబడి సన్నని సెగ మీద ఓపికగా కాల్చిన మాంసం చాలాసార్లు నిప్పుల మీద చెడదు. దించిన తర్వాత, వడ్డించే లోపల చెడుతుంది. మాంసాన్ని కుదురుకోనివ్వడం, దాని వేడిని నిలిపి ఉంచడం అనే రెండు వేర్వేరు పనులను ఒకే పనిగా భావించడమే ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. మొదటి పనికి వేడి కొంత దిగాలి, రెండో పనికి ఆ దిగిన వేడి ఇంకా దిగకుండా ఆగాలి. ముక్క మధ్యలోకి గుచ్చే థర్మామీటర్ ఒకటి దగ్గర లేకపోతే ఈ రెండింటినీ వేరుచేసి చూడడం సాధ్యం కాదు.

సమస్య: కత్తి దిగగానే రసమంతా పలక మీదికి కారిపోయి, ముక్కలు పిడచగట్టినట్టు ఉంటున్నాయి.

మాంసం బాగా వేడిగా ఉన్నప్పుడు అందులోని రసం నీళ్లలా పలచగా ఉంటుంది. వేడి కొంత దిగితే, మాంసంలోంచి కరిగిన జెలటిన్ అనే జిగురు పదార్థం వల్ల అదే రసం చిక్కబడి పీచుల మధ్య నిలుస్తుంది. పలచని స్టేక్ ముక్కలకు 5 నుంచి 10 నిమిషాలు చాలు. బ్రిస్కెట్ (పశువు రొమ్ము భాగపు మాంసం), పంది భుజం వంటి పెద్ద ముక్కలకు కనీసం ఒక గంట అవసరం. ఈ పెద్ద ముక్కల లోపలి వేడి 65 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వచ్చాక, పీచుకు అడ్డంగా, ఆ పూటకు కావలసినంత మేరకే కోయాలి. చుట్టిన అల్యూమినియం ఫాయిల్‌లో ఊరిన రసాన్ని పారబోయకుండా, పైన తేలిన కొవ్వు తీసేసి, కోసిన ముక్కల మీద పోస్తే పోయిన తడి కొంత తిరిగి వస్తుంది.

సమస్య: సరైన సమయానికే దించాం, అయినా విప్పేసరికి మాంసం అతిగా ఉడికి, పట్టుకుంటే విడిపోతోంది.

దించిన వెంటనే గట్టిగా చుట్టి, వేడి పోకుండా ఐస్ బాక్స్ పెట్టెలో పెట్టడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ముక్క పైభాగం మధ్యభాగం కంటే వేడిగా ఉంటుంది కనుక, సెగ నుంచి తీసిన తర్వాత కూడా ఆ వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది. 95 డిగ్రీల వద్ద దించిన బ్రిస్కెట్‌ను అలాగే మూసేస్తే అది చాలాసేపు ఉడుకుతున్నట్టే లెక్క. ముందుగా ఫాయిల్ విప్పి, పొగలు కక్కే ఆవిరిని పోనివ్వాలి. థర్మామీటర్‌లో అంకె పెరగడం ఆగి, వెనక్కి తిరిగి, 80 డిగ్రీల దగ్గరికి వచ్చాకే మళ్లీ చుట్టాలి. స్టేక్ వంటి వాటిని మాత్రం కావలసిన వేడికి 3 నుంచి 5 డిగ్రీల ముందే దించితే మిగతాది అదే పూర్తవుతుంది.

సమస్య: కరకరలాడిన పైపొర మెత్తబడిపోయింది.

ఫాయిల్ విప్పి లోపలి వైపు చూస్తే నీటి బొట్లు వరుసగా అంటుకుని కనిపిస్తాయి. ఆ నీరే పైపొర మీదికి దిగి దాన్ని నానబెట్టింది. పూత లేని మందపాటి బుచర్ పేపర్ (మాంసం చుట్టే కాగితం) కొంత ఆవిరిని బయటికి వదులుతుంది కనుక పైపొర ముఖ్యమనుకున్నవారు దానితో చుట్టడం మేలు, అయితే ఫాయిల్ అంతగా అది వేడిని ఆపదు. కోడి తోలు విషయంలో దేనితో చుట్టినా పనికిరాదు, తెరిచే ఉంచాలి.

సమస్య: వడ్డన ఆలస్యమై మాంసం చల్లారిపోతోంది.

ఐస్ బాక్స్ చల్లదనాన్ని ఎలా ఆపుతుందో వేడినీ అలాగే ఆపుతుంది. కానీ గోడలు చల్లగా ఉండి, లోపల ఖాళీ మిగిలితే, మాంసం తన వేడినంతా వాటికే ధారపోస్తుంది. అందుకే పెట్టెలో ముందుగా బాగా వేడి నీళ్లు పోసి, మూతపెట్టి, అరగంట తర్వాత పారబోసి తుడవాలి. అడుగున మడతపెట్టిన తువ్వాలు తప్పనిసరి. నేను ఒకసారి అది లేకుండా వేడి ఫాయిల్ మూటను నేరుగా పెట్టినందుకు ప్లాస్టిక్ అడుగు ఉబ్బి వంకర తిరిగింది. మూట చుట్టూ, పైనా కూడా తువ్వాళ్లు కుక్కి, థర్మామీటర్ తీగను మూత అంచు నుంచి బయటికి తీసుకుంటే, మాటిమాటికి తెరిచి చూసే అవసరం ఉండదు. బాగా వేడెక్కిన పెద్ద ముక్క ఈ పద్ధతిలో 3, 4 గంటలు నిలుస్తుంది. చిన్న ముక్కలు త్వరగా చల్లారతాయి కనుక వాటిని కలిపి ఒకే మూటగా కట్టాలి. ఇంకా ఎక్కువసేపు ఆగవలసి వస్తే ఓవెన్‌ను 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఉంచి అందులో పెట్టడం నమ్మకమైన దారి, కాకపోతే ఓవెన్ మీది అంకెను వేరే థర్మామీటర్‌తో సరిచూసుకోవాలి.

ఏ పద్ధతిలోనైనా మాంసం లోపలి వేడి 60 డిగ్రీల కిందికి దిగకూడదు, ఎందుకంటే 4 నుంచి 60 డిగ్రీల మధ్య హానికర సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. దిగినట్టు వెంటనే గమనిస్తే 74 డిగ్రీలకు మళ్లీ వేడిచేసి వడ్డించవచ్చు. దిగి 2 గంటలు దాటినా, చుట్టూ గాలి 32 డిగ్రీలకు మించిన వేడిలో ఉన్నప్పుడు 1 గంట దాటినా, లేదా ఎప్పుడు దిగిందో తెలియకపోయినా, ఎంత శ్రమపడి కాల్చినా సరే, ఆ మాంసాన్ని ఎవరికీ పెట్టకూడదు.