భుజం ఆపరేషన్ అయ్యాక చొక్కా తొడిగే వరస

మా ఆయనకి భుజంలో తెగిన కండరం కుట్టి ఇంటికి పంపిన మొదటి రోజు, అలవాటుగా బాగున్న చేతికే ముందు చొక్కా తొడిగాను. రెండో చెయ్యి వెనక్కి తిప్పాల్సి వచ్చేసరికి ఆయన కేకకి పక్కింటివాళ్లు తొంగిచూశారు. వరస ఇదీ: తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. ముందు గుండీలుండే వదులు చొక్కాలే వాడండి. టీషర్టులు, బనియన్లు కొన్నాళ్లు బీరువాలోనే ఉండనివ్వండి. లుంగీ కూడా! ఒంటిచేత్తో ముడి పడదు, ఎలాస్టిక్ పైజామాయే నయం.

చంక తుడవాలంటే చెయ్యి పైకెత్తించొద్దు. స్లింగ్ (చేతిని మెడకి వేలాడదీసే పట్టీ) కాసేపు తియ్యొచ్చని డాక్టరు చెప్పాకే, బాగున్న చేత్తో బల్ల పట్టుకుని కాస్త ముందుకు వంగమనండి. రెండో చెయ్యి దానంతటదే వేలాడి సందు ఏర్పడుతుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. కుట్లు మాత్రం తడవకూడదు.

రాత్రి వీపు వెనక రెండు మూడు దిండ్లు ఏటవాలుగా పెట్టి, మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి ఉంచండి. మోచెయ్యి వెనక్కి జారితే భుజం లాగేస్తుంది. మా ఇంట్లో మొదటి మూడు వారాలు పడక్కుర్చీయే మంచం. లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి, వీపు కింద చెయ్యి వేసి లేపండి.