ఫ్రెంచి చిరునామాలోని పిన్‌కోడ్ చదివే పద్ధతి

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలోను, గౌతమి పాయ ఒడ్డున దాని చుట్టూ ఉన్న ఊళ్లలోను ఫ్రాన్సులో బంధువులున్న కుటుంబాలకు ఒక కవరు వచ్చినప్పుడు, అది ఏ ప్రాంతానిదో తెలుసుకోవడానికి ఊరి పేరు కంటే దాని ముందున్న ఐదంకెల సంఖ్యే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మొదటి రెండు అంకెలు సాధారణంగా దెపార్త్‌మాఁ సంఖ్యను తెలుపుతాయి; దానిని మన జిల్లాతో పోల్చవచ్చు. 75 ఉంటే పారిస్, 13 ఉంటే మార్సెయ్ ప్రాంతం అని గ్రహించాలి. కొన్ని దెపార్త్‌మాఁలు కలిస్తే ఒక రీజియన్ అవుతుంది. రీజియన్‌ను మన రాష్ట్రంగా భావించడం పొరపాటు, ఎందుకంటే దానికి శాసనాలు చేసే అధికారం లేదు. 2016 జనవరి 1న ఐరోపా భాగంలోని 22 రీజియన్లను 13కు కుదించారు కాబట్టి పాత పటాలను నమ్మరాదు. కోర్సికా దీవిలోని దెపార్త్‌మాఁల సంఖ్యలు 2ఎ, 2బి అయినా, పిన్‌కోడ్ మాత్రం 20తో మొదలవుతుంది.

97 కనిపిస్తే మూడో అంకె కూడా చూడాలి: 971 గ్వాదలూప్, 972 మార్టినిక్, 973 ఫ్రెంచి గయానా, 974 రియూనియన్, 976 మయోట్. ఈ ఐదూ సముద్రాంతర రీజియన్లే. వీటితో మొత్తం 18 అవుతాయి. 19వ శతాబ్దంలో యానాం రేవు నుంచి మన కూలీలు ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్లిన చోట్లలో రియూనియన్ ఒకటి గనుక, 974ను మనవారు సులభంగా గుర్తుంచుకోగలరు. 975తో మొదలయ్యే సెయింట్ పియెర్-మికెలాన్, 987తో మొదలయ్యే ఫ్రెంచి పాలినీసియా, 988తో మొదలయ్యే న్యూ కలెడోనియా రీజియన్లు కావు. వాటి పాలనా విధానాలు వేరు.