ఎస్‌ఎస్‌డీ వేసినా ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోందా? తప్పు డ్రైవ్‌ది కాకపోవచ్చు

సెలెరాన్, పెంటియం సిల్వర్, ఏఎండీ ఏ4, ఏ6 లాంటి చిన్న ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌కి నిమిషానికి 5400 సార్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, చిప్‌ల మీద రాసే డ్రైవ్) వేయడాన్ని మించిన వైద్యం లేదు. ఆ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. కాకపోతే కొని, వేసి, పనిచేయక, డ్రైవ్‌ని నాలుగు తిట్లు తిట్టి, అప్పుడు నా దగ్గరికి తెస్తారు. మూత విప్పి చూస్తే చాలాసార్లు డ్రైవ్ శుభ్రంగానే ఉంటుంది. స్క్రూలు విప్పడం, అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ తీయడం, విండోస్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

బయోస్‌లోనే డ్రైవ్ కనబడటం లేదు

బయోస్ అంటే విండోస్‌కన్నా ముందే లేచే బోర్డు సెటప్ తెర. డ్రైవ్‌ని ఎం.2 స్లాట్‌లో, అంటే సన్నటి కర్రలాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోట వేశారా? అయితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. స్లాట్ సాటాది, మీరు కొన్నది ఎన్‌వీఎంఈ. లేదా దానికి తిరగేసి.

ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. లోపల నడిచే భాష సాటా కావచ్చు, ఎన్‌వీఎంఈ కావచ్చు. సాటా కర్రకి సాధారణంగా రెండు గంట్లు ఉంటాయి, ఎన్‌వీఎంఈ కర్రకి ఎక్కువగా ఒకటే ఉంటుంది. ఎం-కీ అనే రకం స్లాట్‌లో రెండూ చక్కగా దిగిపోతాయి, స్క్రూ కూడా పడుతుంది. "పట్టింది కదండీ, మరి ఎందుకు రాదు?" అని అడుగుతారు. పట్టడం వేరు, పలకడం వేరు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ స్లాట్‌కి సాటా తీగలు మాత్రమే ఇస్తారు. కొన్ని బోర్డుల మీదైతే స్లాట్ చోటు ఉంటుంది కానీ కనెక్టరే అతికించరు. ఖాళీగా కనబడే ఇంకో చిన్న స్లాట్ వైఫై కార్డుది, దాని జోలికి పోకండి.

పరిష్కారం కొనకముందే ఉంది. అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్ తీసి చూడండి. పూర్తి నంబరు అని ఎందుకంటున్నానంటే, ఒకే సిరీస్ పేరుతో రెండు మూడు రకాల బోర్డులు వస్తాయి. మిత్రుడి ల్యాప్‌టాప్‌లో పనిచేసింది మీదాంట్లో పనిచేయాలని లేదు. పొడవు కూడా అక్కడే చూసుకోండి. 2280 అంటే 80 మిల్లీమీటర్లు, 2242 అంటే 42. అసలు మూత విప్పి ఒక ఫోటో తీసుకున్నాకే డబ్బు ఖర్చుపెట్టమని నా సలహా. పది నిమిషాల పని, ఎవరూ చేయరు.

రెండూ పట్టే స్లాట్ ఉన్నా ఈ ప్రాసెసర్లకి ఎన్‌వీఎంఈ కోసం అదనంగా పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది. సాటా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, నిజమే. కానీ పాత హార్డ్ డిస్క్‌ని నెమ్మది చేసింది తిరిగే పళ్లెం మీద ముల్లు చోటు వెతుక్కునే సమయం. అది ఏ ఎస్‌ఎస్‌డీతోనైనా పోతుంది. మిగిలిన డబ్బుతో, స్లాట్ ఖాళీ ఉంటే, 4 జీబీ ర్యామ్‌ని 8 చేయండి.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

కొత్త డ్రైవ్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి జీపీటీగా (డ్రైవ్‌ని భాగాలు చేసే కొత్త పద్ధతి) ఇనిషియలైజ్ చేసి ఫార్మాట్ చేయండి. విండోస్ ఎక్కించేటప్పుడే కనబడకపోతే, అదీ ఇంటెల్ 11వ తరం ప్రాసెసరో ఆ పైదో అయితే, బయోస్‌లో వీఎండీ (డ్రైవ్‌లని ఇంటెల్ తన అదుపులో ఉంచుకునే సెట్టింగ్) ఆపండి లేదా ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్ ఇవ్వండి. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు దించిన (క్లోన్ చేసిన) డ్రైవ్ బూట్ కాకపోతే పాత డిస్క్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఉందా, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో ఉందా చూసి కొత్తదాన్నీ అలాగే పెట్టండి. డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ అడిగితే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకండి. పని మొదలుపెట్టకముందే రాసిపెట్టుకుని ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

వేగంగానే ఉంది, కానీ మధ్యమధ్యలో బిగుసుకుపోతుంది

దీని దగ్గర కాసేపు కూర్చోవాలి. నన్ను ముంచింది ఇదే.

లక్షణాలు ఇలా ఉంటాయి. బూట్ చకచకా అవుతుంది. పది నిమిషాలకో గంటకో అంతా ఆగిపోతుంది. మౌస్ బాణం మాత్రం కదులుతుంది, ఏది నొక్కినా పలకదు. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంటే డిస్క్ 100 శాతం అని చూపిస్తుంది, పక్కన చదివే వేగం, రాసే వేగం మాత్రం సున్నా. కొంతసేపటికి నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఇంకా ముదిరితే ఏదో ఒక పొద్దున బూట్ డివైస్ లేదంటుంది, ఆపి వేస్తే మళ్లీ మామూలే.

మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌కి సరిగ్గా ఇదే వచ్చింది. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ నేనే వేశాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. పవర్ సెట్టింగ్స్ అన్నీ మార్చాను. బయోస్ అప్‌డేట్ చేశాను. చివరికి డ్రైవ్ చెడిపోయిందని తీర్మానించి వారంటీలో మార్పించాను. కొత్తదీ అంతే. "మామయ్యా, పాతదే నయం, నెమ్మదైనా ఆగేది కాదు" అన్నాడు వాడు. విసుగొచ్చి ఎస్‌ఎస్‌డీని తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించి గంటసేపు ఫైళ్లు కాపీ చేశాను. ఒక్కసారీ ఆగలేదు. డ్రైవ్ మంచిదే అన్నమాట. ఇక మిగిలింది బోర్డుకీ డ్రైవ్‌కీ మధ్య ఉన్న కాగితంలాంటి రిబ్బన్ కేబుల్ ఒక్కటే.

జరిగేది ఇది. సాటా తీగలో వెళ్లే ప్రతి డేటా ముక్కకీ చివర సీఆర్‌సీ అనే సరిచూపు అంకె ఉంటుంది. అది కలవకపోతే ఆ ముక్క మళ్లీ పంపాలి. కేబుల్ ఎక్కడో నలిగినా, కనెక్టర్ లాచ్ (గడియ) సగమే పడినా ఈ తిరుగు పంపకాలు పెరుగుతాయి. జవాబు అసలు రాకపోతే విండోస్ కాసేపు వేచి చూసి లింక్‌ని రీసెట్ చేస్తుంది. ఆ వేచి చూడటమే మీరు చూసే బిగింపు. పాత హార్డ్ డిస్క్‌కీ ఇదే కేబుల్ కదా అంటారు. అప్పుడూ తప్పులు వస్తూనే ఉన్నాయి. అసలే నత్త నడక నడిచే డిస్క్ ఇంకో రెండు సెకన్లు ఆలస్యమైతే ఎవరు పట్టించుకుంటారు?

తెలుసుకోవడం తేలిక. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి సీ7 వరుస చూడండి, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అని ఉంటుంది. పైన నీలం రంగులో గుడ్ అని ఉందని మోసపోకండి, ఆ మార్కు వేసేటప్పుడు అది సీ7ని లెక్కలోకి తీసుకోదు. అంకెలు పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే (హెక్స్) పద్ధతిలో చూపిస్తుంది కాబట్టి 1ఎఫ్ అని ఉంటే 31 అని అర్థం. ఈ లెక్క ఎప్పటికీ తగ్గదు. ఉన్న అంకె కాదు, పెరుగుతోందా అన్నదే ముఖ్యం. రాసుకోండి, ఐదు పది జీబీల ఫైలు కాపీ చేయండి, మళ్లీ చూడండి. కాపీ నడుస్తుండగా డ్రైవ్ ఉన్న వైపు అరచేయి ఆనే చోట మెల్లగా ఒత్తండి, ల్యాప్‌టాప్‌ని ఒక మూల పట్టుకుని కొంచెం ఎత్తండి. అప్పుడే అంకె ఎగిరితే దొంగ దొరికినట్టే. అదే కిటికీలో ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర సాటా 600 రావాల్సింది 300 అని ఉంటే అదీ ఒక సాక్ష్యమే, బోర్డు పాతకాలందైతే తప్ప. విండోస్ తప్పులు రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో 129, 153 నంబర్లు వరుసగా పడి ఉంటే అది మూడో సాక్ష్యం.

మేనల్లుడి పాత హార్డ్ డిస్క్‌ని సొరుగులోంచి తీసి చూస్తే దాని సీ7 వేలల్లో ఉంది. విప్పకముందే ఒక్కసారి చూసి ఉంటే వారంటీ చుట్టూ తిరిగే పని తప్పేది. ఇప్పుడు ఎవరు ల్యాప్‌టాప్ తెచ్చినా స్క్రూడ్రైవర్ పట్టకముందే పాత డిస్క్ సీ7 చూస్తాను.

ఇక బాగుచేయడం. కేబుల్ రెండు కొసలూ తీసి, బోర్డు వైపు చిన్న లాచ్ ఉంటే పూర్తిగా ఎత్తి, కేబుల్‌ని వంకర లేకుండా లోపలికంటా దూర్చి, లాచ్ మూయండి. అంచులు మురికిగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. పాత డిస్క్ తీసేటప్పుడు కేబుల్ పట్టుకుని లాగారా? అయితే అది నలిగిపోయిందనే అనుకోండి. ఇంకొకటి, మీ పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్ల మందం అయితే 7 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్‌డీ ఆ అరలో ఊగుతుంది. దాని డబ్బాలో స్పేసర్ (మందం పెంచే పట్టీ) వస్తే పారేయకుండా అతికించండి, లేకపోతే పాత బ్రాకెట్, రబ్బరు పట్టీలు మళ్లీ వాడండి. ఊగే డ్రైవ్ మంచి కనెక్టర్‌నైనా వదులు చేస్తుంది.

అప్పటికీ సీ7 పెరిగితే కేబుల్ మార్చాల్సిందే. ల్యాప్‌టాప్ పేరు చెప్పి కొనకండి, కేబుల్ మీద సన్నగా అచ్చువేసిన పార్ట్ నంబరు చెప్పి కొనండి. నేనైతే పాత ముక్క జేబులో వేసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, పక్కన పెట్టి పోల్చి తెచ్చుకున్నాను. అన్నట్టు, ఈ కేబుల్ గొడవ 2.5 అంగుళాల డ్రైవ్‌లదే. ఎం.2 నేరుగా బోర్డులోకి దిగుతుంది.

సీ7 కదలకుండానే, ముఖ్యంగా బ్యాటరీ మీద ఖాళీగా ఉన్నప్పుడు ఆగుతుంటే, అది లింక్‌ని నిద్రపుచ్చే పవర్ సెట్టింగ్. ఏహెచ్‌సీఐ లింక్ పవర్ మేనేజ్‌మెంట్ అనే ఆ సెట్టింగ్‌ని "యాక్టివ్" అనే ఎంపికకి మార్చండి, అంటే లింక్‌ని నిద్రపోనివ్వకండి. పవర్ ప్లాన్‌లో అది దాగి ఉంటుంది, ముందు బయటికి తేవాలి.

మిగతావి

పెద్ద ఫైలు కాపీ మొదట ఉరికి తర్వాత చతికిలపడితే కాష్ (డ్రైవ్‌లో వేగంగా రాసే చిన్న భాగం) నిండిందని అర్థం. చవక డ్రైవ్‌లలో అది సహజం, రోగం కాదు. నమ్మలేని ధరకి 2 టీబీ కొని ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో నిండా రాసి చూడండి, లోపల మెమరీ కార్డు పెట్టిన నకిలీవీ తిరుగుతున్నాయి. సీడీ డ్రైవ్ అరలో క్యాడీ (ఆ చోట డిస్క్‌ని పట్టే చట్రం) పెట్టి ఎస్‌ఎస్‌డీ వేసినవాళ్లు దాన్ని అసలు అరలోకి మార్చి, పాత డిస్క్‌ని క్యాడీలోకి పంపండి. ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపల నడిచే సొంత ప్రోగ్రామ్) లోపాలు, బోర్డు మీద సాటా చిప్ పోవడం లాంటివి ఉంటాయి కానీ అరుదు, అక్కడి నుంచి మొదలుపెట్టకండి.

మూత బిగించే ముందు ఆనాటి తేదీ, సీ7 అంకె చిన్న టేపు ముక్క మీద రాసి లోపలివైపు అంటిస్తాను. ఆరు నెలల తర్వాత అదే మనిషి "మళ్లీ ఆగుతోందండీ" అని వస్తే, ముందు ఆ టేపు మీది అంకెతో పోల్చి చూసి, ఆ తర్వాతే మాట్లాడతాను.