హండ్రెడ్ వరకూ వచ్చు, నాలుగు ప్లేట్లు తేవడం రాదు

మా మనవడికి నాలుగేళ్లు. చుట్టాలొస్తే చాలు, వన్ నుంచి హండ్రెడ్ దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్తాడు. ఓ రోజు "నాలుగు ప్లేట్లు తేరా కన్నా" అంటే చేతికందినన్ని మోసుకొచ్చాడు. వాడికొచ్చింది లెక్క కాదు, పద్యం.

పలక పక్కన పెట్టి చింతపిక్కలు తీశాను. ఐదంటే ఐదే. ఒక్కో పిక్కనీ వేలితో జరుపుతూ ఒక్కో అంకె చెప్పాలి. వేలు ఒకచోట, నోరు ఇంకోచోట ఉంటే మళ్లీ మొదటికే. అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంటే, ఆఖర్న పలికిన అంకే మొత్తమని ఇంకా ఎక్కలేదన్నమాట. కసరకండి. అవే ఐదింటినీ ఓసారి దగ్గరగా, ఓసారి దూరంగా పేర్చి అడగండి. ఎడంగా పరిస్తే ఎక్కువయ్యాయనుకుంటారు పిల్లలు. మావాడికి ఆ భ్రమ వదలడానికి రెండు వారాలు పట్టింది.

పక్కనే కూర్చోవాలి సుమా! నేను పాలు దించి వచ్చేలోపు పిక్కని ముక్కులో దోపుకున్నాడు. డాక్టరు దగ్గరికి పరుగు. మూడేళ్ల లోపు వాళ్లకి చెంచాలు, గ్లాసులు చాలు.

ఐదు కుదిరాక అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. కొన్నాళ్లకి రెండూ మూడూ చూపుతోనే చెప్పేస్తారు. కాయ నిలబడ్డ గడినే ఒకటి అనేస్తుంటారు, అది మాత్రం అప్పటికప్పుడు దిద్దండి.

"ఇంట్లో ఎంతమందిమిరా?" అంటే "ఐదు" అన్నాడు. మనుషులైతే ఐదుగురం కదా! అందుకే భోజనాల వేళ ప్లేట్లు పెట్టే పని వాడికే అప్పగించాను. ఇద్దరికి రెండు, ముగ్గురికి మూడు.

ఆకారాలకి పేర్లు తర్వాత, ముందు మూలలు తడమనివ్వండి. అప్పడానికి మూల ఎక్కడుందో వెతకమంటే చుట్టూ తిప్పి తిప్పి చూసి, కొరికేసి "ఇదుగో" అన్నాడు. పుస్తకాల్లో త్రికోణం ఎప్పుడూ బుద్ధిగా కూర్చునే ఉంటుంది. తలకిందులు చేస్తే పిల్లలు గుర్తుపట్టరు. తాతయ్య చేతిరుమాలు మూలకి మూల కలిపి మడిచి, అటూ ఇటూ తిప్పి చూపించాను. విప్పితే చదరం. దాన్నే మూల మీద నిలబెడితే "డైమండ్" అంటాడు. తిప్పినా చదరమేనంటే ఇంకా ఒప్పుకోవడం లేదు. రుమాలు మాత్రం తిరిగివ్వలేదు.